మోనే తోటలు చూడ్డానికి జివెర్నీ వెళ్తున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

మనవాళ్లకి పారిస్ ట్రిప్పులు ప్లాన్ చేసి ఇవ్వడం నా పని. కలువల చిత్రాలకి పేరుపడ్డ ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోడ్ మోనే ఇల్లు, తోటలు ఉన్న ఊరే జివెర్నీ. జివెర్నీ పేరెత్తగానే ఎక్కువగా వినిపించే మాటలివి.

అపోహ: కలువల పెయింటింగులు అక్కడే ఉంటాయి.

ఉండవు. ఆ ఇంట్లో మోనే పోగుచేసుకున్న జపాన్ అచ్చుచిత్రాలు (ప్రింట్లు) చూడొచ్చు. స్టూడియోలో వేలాడే ఆయన చిత్రాలు మాత్రం నకళ్లు. గోడ పొడవునా పరుచుకున్న ఆ అసలు కలువలు పారిస్‌లోనే, ఒరాంజరీ మ్యూజియంలోని రెండు అండాకారపు గదుల్లో ఉన్నాయి. మొత్తం 8 చిత్రాలు. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1927లో ఆ గదులు తెరిచారు. ముందు తోట చూసి, తర్వాత అక్కడికి వెళ్లమంటాను. చెరువు కళ్లలో మెదులుతుండగా చూస్తే, గట్టునీ ఆకాశాన్నీ దాదాపుగా వదిలేసి నీళ్లనే ఎందుకు పట్టుకున్నారో తెలుస్తుంది. మంగళవారం ఒరాంజరీకి సెలవు, గుర్తుంచుకోండి.

అపోహ: ఎప్పుడెళ్లినా కలువలు పూసే ఉంటాయి.

తోట తెరిచేదే ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 1 వరకు. క్రిస్మస్‌కో, సంక్రాంతి సెలవులకో వస్తే గేటు చూసి వెనక్కి రావాలి. మన వేసవి సెలవులని మే నెలలో వచ్చేవాళ్లకి ఐరిస్ పూలు, ఆకుపచ్చ వంతెన మీద ఊదారంగు విస్టీరియా గుత్తులు దొరుకుతాయి కానీ, చెరువులో దాదాపు ఆకులే. కలువల కోసమే అయితే జూలై, ఆగస్టు పెట్టుకోండి.

తొమ్మిదిన్నరకి గేటు తీయగానే చెరువు దగ్గరికి పరుగెత్తమని అందరూ చెబుతారు. జనం తక్కువ, నిజమే. కానీ అప్పటికి కలువలు పూర్తిగా విచ్చుకోవు, సాయంత్రానికి మళ్లీ ముడుచుకుంటాయి. వంతెన మీద ఫొటోకైతే పొద్దున్నే వెళ్లండి, పూలకైతే పదకొండు దాటనివ్వండి.

అపోహ: అది సహజమైన చెరువు.

1893లో మోనే రైలు పట్టాల అవతల స్థలం కొని, ఎప్ట్ నది పాయ నుంచి నీళ్లు మళ్లించి తయారుచేసుకున్న చెరువది. అందులో వేసే విదేశీ మొక్కల వల్ల నీళ్లు పాడవుతాయని ఊళ్లోవాళ్లు గొడవపెట్టారు కూడా! ఇప్పుడా పట్టాలు లేవు. రోడ్డు కింద సొరంగంలోంచి చెరువు వైపు వెళ్తాం. మధ్యలో తోటంతా పాడుబడిపోతే మళ్లీ బాగుచేసి 1980లో జనానికి తెరిచారు.

అపోహ: ట్రైన్ నేరుగా జివెర్నీకే వెళ్తుంది.

ఊరికి స్టేషనే లేదు. పారిస్ సెయింట్ లజార్ స్టేషన్‌లో ఎక్కి వెర్నాన్‌లో దిగాలి. ప్రయాణం సుమారు 50 నిమిషాలు. అక్కడి నుంచి షటిల్ బస్సు ఉంటుంది, ఓపికుంటే సైకిల్. తోట టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొనేయండి, సూట్‌కేసులు హోటల్లోనే వదిలేయండి. తోటలో పిక్నిక్ కుదరదు కాబట్టి పులిహోర డబ్బా బయటే తెరవాలి.

తిరిగొచ్చే బస్సుకి టైముంటే మెయిన్ రోడ్డు వెంట సెయింట్ రాడెగోండ్ చర్చి దాకా నడవండి. మోనే సమాధి అక్కడే ఉంది, టికెట్ అక్కర్లేదు.