సీడీ చేతిలో ఉన్నా బూట్ ఫ్లాపీ ఎందుకు కావాల్సి వచ్చేది?

పెన్‌డ్రైవ్‌లో ఐఎస్ఓ (మొత్తం డిస్కును ఒకే ఫైల్‌గా చేసిన కాపీ) ఎక్కించి ఓఎస్ వేసుకోవడం అలవాటైనవాళ్లకు ఒక సంగతి అంత తొందరగా అర్థం కాదు. 1990ల్లో ఇన్‌స్టాలేషన్ సీడీ కొని ఇంటికి తెచ్చుకున్నాక కూడా, ముందు ఒక ఫ్లాపీ తయారు చేసుకుంటే తప్ప పని మొదలయ్యేది కాదు.

అసలు ఫ్లాపీ పుట్టిందే యంత్రాన్ని లేపడానికి, అంటే బూట్ చేయడానికి. ఐబీఎం తన సిస్టమ్/370 మెయిన్‌ఫ్రేమ్‌లలోకి మైక్రోకోడ్ (ప్రాసెసర్ ఎలా పనిచేయాలో చెప్పే లోపలి సూచనలు) ఎక్కించడం కోసం 1971లో 8 అంగుళాల డిస్కు తెచ్చింది. అందులో పట్టేది 80 కిలోబైట్లే, పైగా డ్రైవ్ దాన్ని చదవగలదు కానీ రాయలేదు. ఫైళ్లు దాచుకోవడం, ఒకరి నుంచి ఒకరికి ఇచ్చుకోవడం అన్నీ తర్వాత వచ్చిన వాడకాలు.

1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దాంట్లో హార్డ్ డిస్కే లేదు. అందుకే బయాస్‌కు (ఆన్ చేయగానే మొదట నడిచే, మదర్‌బోర్డు చిప్‌లోని ప్రోగ్రామ్) నేర్పింది చాలా చిన్న పని: ఫ్లాపీలో మొదటి సెక్టార్, అంటే 512 బైట్లు మెమరీలోకి తెచ్చి, నడిపించి, పక్కకు తప్పుకోవడం. మిగతాదంతా ఆ 512 బైట్ల కోడే చూసుకోవాలి. విండోస్‌కు ముందు పీసీల్లో నడిచిన ఓఎస్ డాస్‌లో format a: /s అని కొడితే జరిగేది ఇదే, బూట్ సెక్టార్ రాసి, ఐఓ.సిస్, ఎంఎస్‌డాస్.సిస్, కమాండ్.కామ్ ఫైళ్లను డిస్కులో పెట్టేది. ఏం ఉందో చూడకుండా మొదటి సెక్టార్‌ను నమ్మేయడం వల్లే 1986లో లాహోర్‌లో పుట్టిన బ్రెయిన్ లాంటి బూట్ సెక్టార్ వైరస్‌లు ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి పాకాయి. బూట్ ఫ్లాపీకి రైట్ ప్రొటెక్ట్ ట్యాబ్ జరిపి ఉంచమని అంత గట్టిగా చెప్పింది అందుకే.

ఇక సీడీ దగ్గరికొస్తే, బయాస్‌కు ఫ్లాపీ తెలుసు, హార్డ్ డిస్క్ తెలుసు, సీడీ డ్రైవ్ తెలియదు. సీడీలో ఉన్నది చదవాలంటే డ్రైవర్ కావాలి, ఆ డ్రైవర్ సీడీలోనే ఉంటే లాభం ఏముంది? కాబట్టి ఫ్లాపీతో బూట్ చేసి, డాస్ మొదలయ్యేటప్పుడు చదివే రెండు ఫైళ్లలో, అంటే కాన్ఫిగ్.సిస్‌లో ఆ కంపెనీ డ్రైవ్‌కు తగ్గ డ్రైవర్ లైను, ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో ఎంఎస్‌సీడెక్స్ (సీడీని డాస్‌కు ఒక డ్రైవ్‌లా చూపించే ప్రోగ్రామ్) లైను సరిగ్గా రాసుకుంటేనే సీడీకి డి: లాంటి ఒక డ్రైవ్ అక్షరం వచ్చేది. విండోస్ 98 స్టార్టప్ డిస్క్ ఈ టెన్షన్ చాలావరకు తీసేసింది, ఎక్కువ డ్రైవ్‌లకు సరిపోయే డ్రైవర్లు ముందే పెట్టి ఇచ్చారు. నా లెక్కలో సర్వీస్ చేసేవాళ్లకు ఆ దశకంలో అంతకన్నా పనికొచ్చిన డిస్కు మరొకటి లేదు. అయితే అది మెమరీలో కొంత భాగాన్ని డిస్కులా వాడే ఒక ర్యామ్ డ్రైవ్ సృష్టించేది, దానివల్ల సీడీ అక్షరం ఒకటి ముందుకు జరిగేది, డి: లో వెతికితే సెటప్ కనిపించేది కాదు, ఇ: లో ఉండేది.

లినక్స్ దారి వేరు. రెడ్ హ్యాట్ సీడీలో ఇమేజెస్ ఫోల్డర్‌లో బూట్.ఐఎంజీ అనే ఫైల్ ఉండేది. దాన్ని మామూలుగా ఫ్లాపీలోకి కాపీ చేస్తే బూట్ అవదు, మొదటి సెక్టార్ నుంచి ఉన్నది ఉన్నట్టు దించాలి. డాస్‌లో రారైట్, యూనిక్స్‌లో డీడీ ఆ పని చేసేవి. ఆ ఫ్లాపీలో 80 ట్రాకులు, రెండు పక్కలు, ట్రాకుకు 512 బైట్ల సెక్టార్లు 18, మొత్తం 14,74,560 బైట్లు. వీటిలో కెర్నల్ (ఓఎస్‌లోని అసలు కేంద్ర భాగం) ఉన్న చోట ఒక్క సెక్టార్ చెడినా ఇంకో ఫ్లాపీ వెతుక్కోవాల్సిందే.

1995 జనవరిలో బయాస్ తయారుచేసే ఫీనిక్స్, ఐబీఎం కలిసి సీడీ నుంచి నేరుగా బూట్ చేయడానికి ఎల్ టోరిటో ప్రమాణం తెచ్చాయి. అందులో ఒక పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది: సీడీలో 1.44 ఎంబీ ఫ్లాపీ ఇమేజ్ దాచిపెడతారు, బయాస్ దాన్నే ఎ: అని చూపిస్తుంది, అసలు ఫ్లాపీ డ్రైవ్ బి: అవుతుంది. పాత బూట్ కోడ్ ఏమీ మార్చకుండానే నడిచిపోతుంది.

కానీ పాత మదర్‌బోర్డులకు ఇది తెలియదు కాబట్టి ఫ్లాపీ అంత తేలిగ్గా వదల్లేదు. విండోస్ 2000 సీడీలో నాలుగు సెటప్ ఫ్లాపీలు చేసుకోవడానికి మేక్‌బూట్ ప్రోగ్రామ్ ఇచ్చారు, ఎక్స్‌పీకి అవి ఆరయ్యాయి. సీడీతో నేరుగా బూట్ అయ్యే యంత్రాల్లో కూడా, ఎక్స్‌పీకి తెలియని సాటా లేదా రెయిడ్ కంట్రోలర్ (హార్డ్ డిస్కులను నడిపే చిప్) ఉంటే సెటప్ మొదట్లో ఎఫ్6 నొక్కి డ్రైవర్ ఫ్లాపీ పెట్టాల్సి వచ్చేది. పెన్‌డ్రైవ్ నుంచో సీడీ నుంచో ఆ డ్రైవర్ తీసుకునే వీలు విస్టా సెటప్‌తోనే వచ్చింది.