'ఎరోయికా'లో ట్రంపెట్ మధ్యలో ఎందుకు ఆగుతుంది?

బేతోవెన్ మూడో సింఫనీ 'ఎరోయికా' (1804) మొదటి భాగం చివర్లో ట్రంపెట్లు ప్రధాన స్వరపంక్తిని అందుకుంటాయి. స గ స, కింది ప, మళ్లీ స గ వరకు వచ్చి, పై పంచమం దగ్గర వదిలేస్తాయి. మిగతాది ఫ్లూట్, ఓబో వంటి వుడ్‌విండ్ వాద్యాలు పూర్తిచేస్తాయి. బ్యూలో, వైన్‌గార్ట్‌నర్ వంటి కండక్టర్లు పంక్తి మొత్తాన్నీ ట్రంపెట్‌కే ఇచ్చేశారు. అలా దిద్దవచ్చా, రాసినట్టే ఉంచాలా అన్న వాదన నేటికీ తెగలేదు.

అప్పటి ట్రంపెట్‌కు వాల్వులు, అంటే నొక్కితే అదనపు గొట్టాన్ని కలిపే మీటలు, లేవు. ఇ-ఫ్లాట్ శ్రుతికి దాదాపు 7 అడుగుల గొట్టం. పెదాల బిగువు మార్చి దాని సహజ స్వరాలనే రాబట్టాలి. కింద అవి దూరదూరంగా ఉంటాయి: 2వ స్వరం నుంచి వరసగా స, ప, స, గ, ప. 8వ స్వరం నుంచి దగ్గరపడతాయి. 10వది గ, 11వది రెండు మధ్యమాల్లో దేనికీ కుదరదు, 12వది ఆ పై ప. బిగువు రవ్వంత తప్పినా పక్క స్వరం పలుకుతుంది. అంతకు ముందరి బరోక్ కాలపు వాద్యకారులు ఇంకా పైకి వెళ్లేవారు గానీ, బేతోవెన్ నాటికి ఆ విద్య అరుదైంది. టింపానీ అనే నగారాలతో కలిసి స, ప లకు బలమివ్వడమే ట్రంపెట్ పనిగా మిగిలింది.

1818లో బెర్లిన్‌లో ష్టోల్జెల్, బ్లూమెల్ వాల్వుకు పేటెంట్ పొందారు. రెండో వాల్వు శ్రుతిని అర్ధస్వరం, మొదటిది పూర్తి స్వరం, మూడోది ఒకటిన్నర స్వరం దించుతాయి. చిక్కల్లా కలిపి నొక్కినప్పుడే. గొట్టం పొడవెక్కిన కొద్దీ అదే అంతరానికి ఇంకా ఎక్కువ పొడవు కావాలి, వాల్వు గొట్టమేమో మారదు. అందుకే 1, 3 కలిపితే శ్రుతి హెచ్చుతుంది. మూడో వాల్వు గొట్టపు జారుడు భాగాన్ని (స్లయిడు) కాస్త బయటికి లాగి సరిచేస్తారు.

వాల్వులొచ్చినా రాత వెంటనే మారలేదు. 1876లో మొదటి సింఫనీ ముగించిన బ్రామ్స్ చాలావరకు పాత సహజ స్వరాల చుట్టూనే రాశాడు. స్వరకర్త ఫ్రాంక్ 1888 నాటి సింఫనీలో కూడా 2 ట్రంపెట్ల పక్కన 2 కార్నెట్లు (ట్రంపెట్‌ను పోలిన వాల్వు వాద్యాలు) పెట్టుకున్నాడు. మాలర్ అయిదో సింఫనీ (1902) ఒంటరి ట్రంపెట్‌తో మొదలవుతుంది. అన్ని స్వరాలూ అందుబాటులో ఉన్నా, ఒకే స్వరం మీద మూడేసి దెబ్బల సైనిక సంకేతంతోనే ఎత్తుకున్నాడు. ఆ దెబ్బలు కాస్త తొందరగా పడాలని స్కోరులోనే సూచించాడు.

19వ శతాబ్దం చివరికి 6 అడుగుల ఎఫ్ ట్రంపెట్ పోయి నాలుగున్నర అడుగుల బి-ఫ్లాట్ ట్రంపెట్ స్థిరపడింది. 'ఎరోయికా'లో 12వదైన ఆ పై పంచమం దీని మీద 8వదే. ధైర్యంగా వాయించవచ్చు. దిద్దాలన్న కోరికకు బలం అక్కడే వచ్చింది.

రాసినట్టే వాయించడం మేలు. ఆ ఘట్టంలో పంక్తి చేతులు మారడం వినబడాలి. కండక్టర్ హార్నన్‌కోర్ట్ తన బేతోవెన్ రికార్డింగుల్లో ఆధునిక వాద్యాల మధ్య వాల్వుల్లేని సహజ ట్రంపెట్లే వాడాడు. వాల్వు ట్రంపెట్లతోనే వాయించేవారు పై పంచమం చోటు రాగానే వాటి ధ్వనినీ టింపానీ ధ్వనినీ ఒక మెట్టు తగ్గించాలి, లేకపోతే వుడ్‌విండ్ పంక్తి మునిగిపోతుంది.