పనికి విరామం అరవై రోజులు: తగవు మొదలైంది 2011లో

సాగు ముమ్మరంగా సాగే కాలంలో, ఏడాదికి మొత్తం 60 రోజులు ఉపాధి పనులు ఆపాలంటోంది 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త గ్రామీణ ఉపాధి చట్టం. ఆ రోజులేవో రాష్ట్రాలు ముందుగా ప్రకటించాలి. గోదావరి డెల్టాకు ఇది కొత్త మాట కాదు.

ఆనకట్ట, కాలవలు, రెండు పంటల కథ ఇక్కడ అందరికీ కంఠతా వచ్చు. ఉపాధి పనుల వల్ల పొలాలకు కూలీలు దొరకడం లేదన్న తగవు మొదలు 2011 సార్వా (ఖరీఫ్). ఆ ఏడు కోనసీమ రైతులు వేలాది ఎకరాలు ఊడ్వకుండా (నాట్లు వేయకుండా) వదిలి పంట విరామం ప్రకటించారు. సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలే అన్నారు. మురుగు కాలవలు పూడిపోయాయన్నారు. కూలీలు దొరకడం లేదన్నారు. ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ విచారించింది. ధర, మురుగు ఆ తర్వాత చర్చలో వెనక్కి జరిగాయి. ఉపాధి హామీ కూలీలను ఎత్తుకుపోయిందన్న మాట మాత్రం నిలబడి, చివరికి చట్టంలోకే ఎక్కింది.

రైతు మాటలో పస లేకపోలేదు. గట్టు మీద మట్టిపని, బురదలో నడుము వంచి ఊడ్చడం ఒకటి కావు. కానీ అప్పటి ఉపాధి కూలి రోజుకు 121 రూపాయలు. ఊడ్పుల వేళ పొలం రేటు అంతకన్నా ఎక్కువే. మరి మనుషులు ఎటు పోయినట్లు?

2011 జనగణనలో పశ్చిమ గోదావరి జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 508, దేశ సగటు 382. జనానికి కొదవ లేదు. పని ఇచ్చేవాళ్లే ఒకే రకం: వరి పొలం, కాస్త ఇవతల చేపల చెరువు. అందుకే పట్నం పోతారు: అక్కడ ఒక మేస్త్రీతో కుదరకపోతే పక్క వీధిలో ఇంకొకరు ఉంటారు. ఒకే చోట చేరిన పరిశ్రమలు, పనివాళ్లు ఒకరికొకరు ఎలా అక్కరకొస్తారో ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లోనే చెప్పాడు. ఒక ప్రాంతంలో పనిచేసేవాళ్ల సాంద్రత రెట్టింపైతే ఉత్పాదకత సుమారు 6 శాతం పెరుగుతుందని 1996లో ఆర్థికవేత్తలు సికోనే, హాల్ అమెరికా లెక్కలతో చూపారు. భారత్‌లో సాంద్రతకూ సంపాదనకూ ముడి అమెరికాలో కన్నా గట్టిదని తర్వాతి పరిశోధన.

చురుకైనవాళ్లే పట్నం పోతారు కాబట్టి కూలి ఎక్కువ అన్న వాదన ఉంది. అది సగమే నిజం. వెళ్లిన రోజే దక్కే పెంపు కన్నా, ఉండగా ఉండగా పని నేర్చినకొద్దీ వచ్చేది ముఖ్యం. ఊరికి తిరిగి వచ్చినా అది చాలావరకు పోదని అమెరికా అధ్యయనాలు చెప్పాయి. హైదరాబాదులో ఇటుకలు మోయడానికి వెళ్లి తాపీ పట్టినవాడు మళ్లీ పాత కూలికి నాట్లకు దిగడు. అతణ్ని తీసుకుపోయింది ఉపాధి పథకం కాదు.

పెరిగిన కూలి రేటు భరించలేనిది కౌలు రైతు, నిజమే. అయితే అతని బస్తాల్లో పెద్ద వాటా కూలికి పోతోందా, కౌలుకు పోతోందా అన్న ప్రశ్న 2011లోనూ ఎవరూ గట్టిగా అడగలేదు. భూమి యజమానులు చాలామంది పట్నాల్లోనే ఉంటారు మరి.

ఈ 60 రోజుల పని విరామం తగిలేది పట్నం వెళ్లినవాళ్లకు కాదు. రాష్ట్రంలో ఉపాధి పనిదినాల్లో సగానికి పైగా మహిళలవే. పిల్లలనూ ముసలివాళ్లనూ వదిలి హైదరాబాదు పోలేనివాళ్లు వీళ్లే. సార్వా, దాళ్వా (రబీ) ఊడ్పుల్లో, కోతల్లో ఆ 60 రోజులూ పొలం రేటు నచ్చకపోతే వెళ్లడానికి వీళ్లకు ఇంకో పని ఉండదు.