కుదురులేని విలువలు, కుదురైన మొత్తం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఆయిలర్ ఫై ప్రమేయం విలువలను వరుసగా పేర్చితే వచ్చే అనుక్రమం ఎంత వేగంగా పెరుగుతుందో ఈ ఉత్తరంలో చెబుతాను. 1 నుంచి 10 వరకు ఉన్న సంఖ్యల్లో, 10తో 1 తప్ప వేరే ఉమ్మడి భాజకం లేనివి 1, 3, 7, 9 మాత్రమే కాబట్టి ఫై(10) విలువ 4 అని మీకు గుర్తుండే ఉంటుంది.

95 నుంచి 100 వరకు ఈ విలువలు 72, 32, 96, 42, 60, 40. ఈ వరుస పెరుగుతోందనీ చెప్పలేము, తరుగుతోందనీ చెప్పలేము. 97 ప్రధాన సంఖ్య కనుక దాని కంటే చిన్నవైన 96 సంఖ్యలూ లెక్కలోకి వస్తాయి. 96ను 2, 3 రెండూ భాగిస్తాయి కనుక అందులో మూడో వంతు మాత్రమే మిగులుతుంది. 2, 3, 5, 7, 11ల లబ్ధమైన 2310 దగ్గర మిగిలేవి 480, అంటే ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ. ఇలా ప్రధాన సంఖ్యలను వరుసగా గుణిస్తూ పోతే ఆ వంతు ఎంతో నెమ్మదిగానైనా సున్నకు దగ్గరవుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఆ విలువలనే మొదటి నుంచి కూడుతూ రండి. 10 వరకు మొత్తం 32, 100 వరకు 3044, 1000 వరకు 3,04,192. విడివిడిగా ఇంత కుదురులేని విలువలు కలిసేసరికి, ఎక్కడ ఆగితే ఆ సంఖ్య వర్గంలో దాదాపు 0.304 వంతుకు వచ్చి నిలుస్తున్నాయి. నాకు ఈ ప్రమేయంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. ఆ వంతు అసలు విలువ, మూడును పై (π) వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య. వృత్తం ఊసే లేని చోటికి పై ఎలా వచ్చిందంటే, యాదృచ్ఛికంగా తీసుకున్న రెండు సంఖ్యలకూ 2 ఉమ్మడి భాజకం కాకుండా ఉండే సంభావ్యత 3/4, 3 కాకుండా ఉండేది 8/9, 5 కాకుండా ఉండేది 24/25. ప్రధాన సంఖ్యలన్నిటికీ ఇలా రాసి గుణిస్తే, ఆ రెంటికీ 1 తప్ప ఉమ్మడి భాజకమే లేకుండా ఉండే సంభావ్యత వస్తుంది; అది ఆరును పై వర్గంతో భాగించిన విలువ, అంటే సుమారు 0.608. మన మొత్తం కూడా అలాంటి జతల లెక్కే, కానీ అందులో ప్రతి జతనూ, చిన్నది ముందో పెద్దది ముందో చూడకుండా, ఒక్కసారే లెక్కిస్తాము కనుక ఆ విలువలో సగం మిగిలింది. ఈ అంచనాకూ అసలు మొత్తానికీ ఉండే తేడా ఎంత వేగంగా పెరగగలదో 1874లో మెర్టెన్స్ అనే గణితవేత్త హద్దు చూపించాడు.

ఫై విలువకు మళ్ళీ ఫై కట్టుకుంటూ పోతే మరో రకం అనుక్రమం వస్తుంది: 100, 40, 16, 8, 4, 2, 1. రెండు కంటే పెద్దదైన ఏ సంఖ్యకైనా ఫై విలువ సరిసంఖ్యే. సరిసంఖ్య ఫై విలువ దానిలో సగాన్ని మించదు. అందువల్ల మొదటి అడుగు తరువాత ప్రతిసారీ విలువ కనీసం సగానికి పడిపోతుంది, పది లక్షల లోపు ఏ సంఖ్యతో మొదలుపెట్టినా 20 అడుగుల్లోపే 1కి చేరుతుంది. అలాగని మరీ త్వరగానూ చేరదు; అడుగుల సంఖ్య సంవర్గమానం వేగంతోనే పెరుగుతుందని, రెండు వైపులా హద్దులు కట్టి, 1929లో మన దేశ గణితవేత్త ఎస్.ఎస్. పిళ్ళై నిరూపించారు. 162తో మొదలుపెట్టి మీరే చేసి చూడండి: 54, 18, 6, 2, 1.

ఇట్లు,
మీ తాతయ్య