టర్బిన్‌లైట్ స్క్వాడ్రన్లు: అపోహలు - వాస్తవాలు

రాడార్ల మీద పనిచేసినవాళ్ళు నలుగురు చేరితే రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రిళ్ళు వచ్చే శత్రు బాంబర్లను పట్టడానికి ముక్కుకు సెర్చ్‌లైటు (టర్బిన్‌లైట్) బిగించిన బ్రిటన్ ‘లైటు విమానాల’ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. బ్రిటన్ వైమానిక దళం రాయల్ ఎయిర్ ఫోర్స్ 1942 సెప్టెంబరులో వీటితో 530 నుంచి 539 వరకు నంబర్లున్న పది స్క్వాడ్రన్లు (విమాన దళాలు) పెట్టి, 1943 జనవరిలో పదింటినీ ఎత్తేసింది. 1941 నుంచే ఇవి ఫ్లైట్లు అనే చిన్న దళాలుగా ఎగురుతున్నాయి, స్క్వాడ్రన్ హోదా మాత్రం ఐదు నెలలు కూడా దక్కలేదు.

అపోహ: ముక్కుకు బిగించిన సెర్చ్‌లైటుతో ఆకాశమంతా గాలించేవారు.

వాస్తవం: వెతికేది రాడారే. లైటు మోసే హావక్ విమానంలో రాడార్ ఆపరేటర్ ముందు రెండు చిన్న తెరలు. శత్రువు కుడా ఎడమా అన్నది ఒకదానిలో, పైనా కిందా అన్నది రెండోదానిలో చూసి పైలట్‌కు చెబుతూ ఉండాలి. తన విమానం ఎంత ఎత్తులో ఉందో దాదాపు అంత దూరం వరకే కనిపించేది, ఆపైన నేల నుంచి తిరిగొచ్చే సిగ్నల్ తెరను కప్పేసేది. మరీ దగ్గరికెళ్తే, సుమారు 400 అడుగుల లోపల, మళ్ళీ ఏమీ తెలియదు. ఈ రెండు హద్దుల మధ్య పని కానిచ్చి, చివరి క్షణంలో లైటు వేయాలి. ఎంత టెన్షనో ఆ తెరలు చూసినవాళ్ళకే తెలుస్తుంది.

అపోహ: లైటు వేసిన విమానమే కాల్చేది.

వాస్తవం: దానికి తుపాకులే లేవు. బాంబులుండాల్సిన చోట టన్నుకు దగ్గరగా బ్యాటరీలు. కాల్చాల్సింది చీకట్లో పక్కనే అంటిపెట్టుకుని వచ్చే హరికేన్ యుద్ధ విమానం. లైటు పడగానే శత్రువు డైవ్ కొట్టి తప్పించుకునేవాడు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, కూల్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 1942లో సొంత స్టిర్లింగ్ బాంబర్‌నే కూల్చుకున్నారు కూడా.

అపోహ: అదో పిచ్చి ఆలోచన.

వాస్తవం: నేనలా అనను. 1940-41 చలికాలంలో రోజూ రాత్రి బాంబులు పడుతుంటే, రాడారున్న బ్యూఫైటర్ యుద్ధ విమానాలు కొన్నే. హరికేన్లు బోలెడు, కానీ ఒక్కడే కూర్చునే విమానంలో రాడార్‌కూ ఆపరేటర్‌కూ చోటేదీ? అందుకే పని రెండు విమానాలకు పంచారు. సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యపు రాడార్లు, మస్కిటో యుద్ధ విమానాలు రావడంతో ఆ అవసరం తీరింది.

ఇక క్యారెట్లు తిని పైలట్లు చీకట్లో చూశారన్న కథ! రాడార్ గుట్టు దాచడానికి ఆ ప్రచారం బాగా పనికొచ్చింది. నిజానికి ‘పిల్లికళ్ళ’ పైలట్‌గా పేరుపడ్డ కనింగ్‌హామ్ వెనక సీట్లో జిమ్మీ రాన్స్‌లీ అనే రాడార్ ఆపరేటర్ ఉండేవాడు.