ఒంటి పోగు తన మీద తానే మడుచుకుంటే – పిల్లలకు ఉత్తరం

గుంటూరు

పిల్లలూ,

బైపీసీ పుస్తకంలో డీఎన్‌ఏ అనగానే మెలితిరిగిన రెండు పోగుల బొమ్మే కనిపిస్తుంది. ఒంటి పోగు మాటేమిటి? అది చాపుకుని ఖాళీగా కూర్చోదు. తనలోని అక్షరాలకు (ఏ, టీ, జీ, సీ అనే బేసులకు) తనలోనే జోడీ, అంటే ఏకి టీ, జీకి సీ, దొరికితే వెనక్కి మడిచి అతుక్కుంటుంది. దాన్నే హెయిర్‌పిన్ అంటారు.

చదివి వదిలేయకండి, పెన్సిల్ తీసి ఎడమవైపు 5' కొస (పోగు మొదలు; చివరిది 3' కొస) నుంచి ఈ 14 అక్షరాలూ రాయండి: జీ-సీ-జీ-టీ-సీ, టీ-టీ-టీ-టీ, జీ-ఏ-సీ-జీ-సీ. నాలుగు టీల దగ్గర కాగితం మడిస్తే మొదటి జీకి చివరి సీ ఎదురొస్తుంది, రెండో అక్షరమైన సీకి చివరి నుంచి రెండోదైన జీ. అలా కుదిరిన ఐదు జతలు కాడ, మిగిలిన నాలుగు టీలు లూప్. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. జీసీజీటీసీకి జోడీ కదా అని అదే వరుసలో సీజీసీఏజీ రాసేస్తారు. మడిచి చూస్తే జీ ఎదుట జీ వచ్చి కూర్చుంటుంది, అతకదు. జోడీ రాశాక దాన్ని తిరగేసి రాయాలి.

ఇక ఇది ఎంత గట్టిగా నిలుస్తుందన్నది పూర్తిగా జమాఖర్చు లెక్క. జమ కాడ నుంచి వస్తుంది, ఖర్చు లూప్ దగ్గర అవుతుంది. జీ-సీకి మూడు హైడ్రోజన్ బంధాలు, ఏ-టీకి రెండు అని బట్టీ పట్టి ఆగిపోవద్దు. జతలు ఒకదాని మీద ఒకటి పేర్చుకోవడంలోనే పెద్ద బలం ఉంది. అందుకే శక్తి విలువలను (మైనస్ ఎంత ఎక్కువైతే అంత గట్టి) విడి జతకు కాకుండా పక్కపక్కన ఉన్న రెండు జతలకు కలిపి ఇస్తారు. 1998లో శాంటాలూసియా అనే శాస్త్రవేత్త ఇచ్చిన పట్టికలో, 37 డిగ్రీలు, 1 మోలార్ ఉప్పు దగ్గర, మన కాడలోని నాలుగు మెట్లూ (పక్కపక్క జతల జంటలు) ఇవి: జీసీ −2.24, సీజీ −2.17, జీటీ −1.44, టీసీ −1.30. మొత్తం మోలుకు −7.15 కిలోక్యాలరీలు. (37 డిగ్రీలంటే మనకు మే నెలలో నీడలోనే దాటిపోయే వేడి!) నాలుగక్షరాల లూప్ ఖర్చు 3.5. పోగు ఎటు పడితే అటు కదిలే స్వేచ్ఛ వదులుకుని మలుపులో ఇరుక్కోవాలి కదా, ఆ ఖర్చు అది. నికరం −3.65, కాబట్టి నిలుస్తుంది. ఇప్పుడు కాడలో ఏ-టీ-ఏ-టీ-ఏ పెట్టి లెక్కేయండి. నాలుగు మెట్లకీ కలిపి −2.92 మాత్రమే జమ. ఖర్చు అలాగే ఉంటుంది, నికరం ప్లస్‌లోకి పోతుంది. బొమ్మ గీస్తే ముచ్చటగానే ఉంటుంది గానీ గొట్టంలో ఆ ఆకారం నిలవదు.

లూప్ ఎంత చిన్నదైతే అంత మంచిదనీ అనుకోవద్దు. మూడుకైనా నాలుగుకైనా 3.5, ఐదుకు 3.3, ఎనిమిదికి 4.3, పదికి 4.6. మూడు కన్నా తక్కువైతే మలుపు ఇరుకైపోతుంది. ఈ పట్టికలకు లొంగని గట్టిపిండాలూ ఉన్నాయి. జీసీజీఏఏజీసీ చూడండి, ఏడక్షరాలే! అయినా దాదాపు 76 డిగ్రీల దాకా విడిపోదు. లూప్‌లోని జీ, దాని ఎదుటి ఏ పక్కవాటుగా జత కడతాయి. అసలు మలుపులో మిగిలేది ఒక్క ఏ మాత్రమే. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ఇష్టమైన అణువు ఇదే.

ల్యాబ్‌లో చేసేటప్పుడు చల్లార్చే తీరు ముఖ్యం. 95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసులో పెట్టండి. ఉత్త ఐసు ముక్కలైతే మధ్యన గాలి సందులుంటాయి, కొంచెం నీళ్లు కలపండి. వేగంగా చల్లబడితే పోగు తన రెండో కొసనే ముందు అందుకుంటుంది. ద్రావణం చిక్కగా ఉండి, నెమ్మదిగా చల్లారితే మాత్రం రెండు వేరువేరు పోగులు ఎదురెదురుగా అతుక్కుని, నడుమ నాలుగు టీ-టీ పొసగని జతలతో జంటగా తయారవుతాయి. ఏది వచ్చిందో తెలుసుకోవాలంటే పదింతలు పలచన చేసి, 260 నానోమీటర్ల దగ్గర శోషణ (కాంతిని ఎంత పీల్చుకుంటుందో; పోగులు విడిపోతే అది పెరుగుతుంది) చూస్తూ మళ్లీ వేడి చేయండి. విడిపోయే ఉష్ణోగ్రత మారకపోతే హెయిర్‌పిన్. అది ఒక్క అణువు లోపలి వ్యవహారం, చుట్టుపక్కల ఎందరున్నారన్నది దానికి పట్టదు. ఉష్ణోగ్రత తగ్గితే జంట. రెండు సార్లూ ఉప్పు మోతాదు ఒకటే ఉండాలి. ఉప్పు తగ్గితే పోగుల మీది రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుని హెయిర్‌పిన్ కూడా త్వరగా విడిపోతుంది, మీ పోలిక చెడుతుంది.

పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను లక్షల కాపీలు చేసే పద్ధతి) ప్రైమర్ల (కాపీ మొదలుపెట్టే చిన్న ఒంటి పోగుల) దగ్గర ఇదంతా డబ్బుతో ముడిపడుతుంది. ఆర్డరిచ్చిన ప్రైమర్ల కొరియర్ మే నెల ఎండలో బెజవాడ చేరేసరికి కవరు వేడెక్కిందని బెంగపడకండి, పొడిగా ఆరిన డీఎన్‌ఏకి ఆ వేడితో ఏమీ కాదు. ప్రైమర్ 3' కొస కాడలో చిక్కుకుందా అన్నది చూడండి. ఎంజైము అక్షరాలు కలిపేది ఆ కొసకే. అది మడతలో ఉంటే ప్రైమర్ టెంప్లేట్‌ని (కాపీ చేయాల్సిన డీఎన్‌ఏని) పట్టుకోదు, ఒక్కోసారి తన మీదే తాను పొడుగవుతుంది. 37 డిగ్రీల లెక్క చూసి వదిలేయకుండా మీరు వాడే అనీలింగ్ (ప్రైమర్ అతుక్కునే) ఉష్ణోగ్రత దగ్గర, మీ బఫర్ ఉప్పుతో లెక్కించండి. మన 14 అక్షరాల హెయిర్‌పిన్ 1 మోలార్ ఉప్పులో లెక్క ప్రకారం 70 డిగ్రీల చుట్టుపక్కల గానీ విడిపోదు. అలాంటి మడత 3' కొసన ఉంటే సైకిళ్లు పెంచీ, ప్రైమర్ ఎక్కువ పోసీ లాభం లేదు. టెంప్లేట్ మీద నాలుగైదు అక్షరాలు అటో ఇటో జరిగి కొత్త ప్రైమర్ రాసుకోవడమే చౌక.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ