విద్యార్థుల వ్యాసం ముందు ప్రయోగశాలలోనే ఎందుకు?

క్లాసు అసైన్‌మెంటుగా వికీపీడియా వ్యాసం రాయాల్సి వచ్చిన విద్యార్థులు తరచూ అడిగేది ఒకటే, "నేరుగా పేజీలో రాసేస్తే ఏమవుతుందండీ?" అని. ముందు మీ ప్రయోగశాలలో, అంటే వికీపీడియాలో ప్రతి వాడుకరికీ ఉండే సొంత సాధన పేజీలో రాయండి, చూసి చెబుతాం అంటే కొందరికి చిరాకు, గడువు దగ్గర పడుతోందని టెన్షన్. ఈ పద్ధతి ఊరికే రాలేదు, దీని వెనక పుణె అనుభవం ఉంది.

2010లో వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ అమెరికా యూనివర్సిటీల్లో క్లాసు పనిగా వ్యాసాలు రాయించడం మొదలుపెట్టింది. అక్కడ బాగానే నడిచింది. 2011లో అదే పనిని పుణెకు తెచ్చారు. కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్, సింబయాసిస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ లాంటి చోట్ల వందల మంది విద్యార్థులు ఒక్కసారిగా ఇంగ్లీషు వికీపీడియాలోకి దిగారు. చాలామంది పాఠ్యపుస్తకాల నుంచి, వెబ్‌సైట్ల నుంచి ఉన్నదున్నట్టు దించేశారు, వాళ్లకు సాయం చేయాల్సిన క్యాంపస్ అంబాసిడర్లలో చాలామందికి వికీపీడియా అప్పటికి కొత్తే, ఇక కాపీహక్కుల ఉల్లంఘనలు ఏరి తీసేయడం ఎక్కడెక్కడి వాలంటీర్ల మీదో పడింది. నవంబరుకల్లా ఆపేశారు.

తప్పంతా పిల్లల మీద వేస్తే నేను ఒప్పుకోను. పుస్తకంలో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా రాస్తేనే మార్కులు వేసే చదువు మనది, చిన్నప్పటి నుంచీ మెచ్చుకున్న పనే ఇక్కడ తప్పని వాళ్లకు ఎవరు, ఎప్పుడు కూర్చోబెట్టి చెప్పారు? చెప్పాల్సింది చిత్తుప్రతి దశలోనే. 2013 చివర్లో ఇంగ్లీషు వికీపీడియాలో చిత్తుప్రతులకు విడిగా ఒక పేరుబరే, అంటే ప్రత్యేక విభాగమే వచ్చింది. తెలుగులో మాత్రం ఈ పనికి వాడుకరి ప్రయోగశాలే చాలు.

మొన్న ఒక అమ్మాయి తన ఊరి చెరువు గురించి రాసింది చూశాను. మొదటి వాక్యం "ఎంతో ఘన చరిత్ర కలిగిన ఈ చెరువు..." అని ఉంది. నేను దిద్దలేదు. చర్చ పేజీలో మూడు ప్రశ్నలు పెట్టాను: ఎవరు తవ్వించారు, ఎన్ని ఎకరాలకు నీళ్లిస్తుంది, ఇవి ఎక్కడ చదివారు? రెండు రోజులకు మళ్లీ వచ్చింది, ఘన చరిత్ర పోయి ఆ స్థానంలో ఆయకట్టు అంకె, దాని పక్కన మూలంగా జిల్లా గెజెటీరు పేజీ నంబరు. తవ్వించింది ఎవరో దొరకలేదట, అందుకని ఆ ముక్క రాయలేదు, అదీ సరైన పనే. ఇప్పుడు రెండో పేరా మీద ఉంది. అందులో నాలుగు వాక్యాలు ఏదో టూరిజం సైటులోవిలా అనిపిస్తున్నాయి, రేపు వాటి గురించి అడగాలి.